‘హ్యాపీ మొహర్రం’ అనే ముందు

2024 జులైలో, మొహర్రం పదో రోజు పొద్దున్నే మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ పడింది. ఆకుపచ్చ రంగు మీద నెలవంక, పక్కన బెలూన్లు, కింద పెద్ద అక్షరాల్లో ‘హ్యాపీ మొహర్రం’. కాసేపట్లోనే దాని కింద దండాలు, గుండె గుర్తులు, ‘సేమ్ టు యూ’లు వరస కట్టాయి. ఆ గుండె గుర్తుల్లో ఒకటి నేను పెట్టిందే.

నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయిది పాతబస్తీ, షియా కుటుంబం. ఆ రోజు వాళ్లింట్లో అందరూ నల్లబట్టలు వేసుకుంటారు. ఊరేగింపులో నడిచి, మాతం చేసి, అంటే గుండెలు బాదుకుని దుఃఖించి, సాయంత్రానికి గొంతులు బొంగురుపోయి ఇల్లు చేరతారు. క్రీస్తుశకం 680లో ఇరాక్‌లోని కర్బలా దగ్గర ప్రవక్త మనవడు ఇమాం హుసేన్‌నీ, ఆయన వెంట ఉన్న కొద్దిమందినీ చుట్టుముట్టి, తాగడానికి నీళ్లు కూడా అందకుండా చేసి చంపిన రోజది. ఆ అమ్మాయి గ్రూపులో ఏమీ అనలేదు. మర్నాడు వచ్చి ఎప్పటిలాగే పని చేసుకుంది.

తెలియక చేసిన పొరపాటైతే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. నాకు బాగా తెలుసు. మాది అనంతపురం వైపు పల్లె. మొహర్రాన్నే మా వైపు పీర్ల పండగ అంటారు, అది చూస్తూ పెరిగినదాన్ని. ఆఖరి రోజు పీర్లు, అంటే కర్బలా అమరుల గుర్తుగా నిలబెట్టే లోహపు పంజాలు, జలధికి పోయేటప్పుడు మా అవ్వ కళ్లు తుడుచుకోవడం నా కళ్లతో చూశాను. అయినా అందరూ పెట్టారు కదా అని వేలు కదిలించి గుండె గుర్తు పెట్టేశాను. ఆ రోజు నుంచి నన్ను వదలని ఆలోచన ఒకటుంది. ఎదుటివాళ్ల పండగలో పాలుపంచుకోవడం మనకు బాగా వచ్చు. తరతరాలుగా చేస్తున్నాం. పండగ అయిపోయిన మర్నాటి నుంచి వాళ్లకు తోడు నిలవడం మాత్రం వేరే పని. మొదటిది చేశాం కాబట్టి రెండోది కూడా చేసేసినట్టేనని మనం అనుకుంటున్నాం.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నేను ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానో మీకు అర్థం కాదు.

నెలవంక కనబడగానే పీర్ల చావిడి ముందు గుండానికి గుద్దలి వేసేవాళ్లు. ఏడాదంతా పెట్టెలో ఉన్న పీర్లను బయటికి తీసి, కడిగి తోమి, రంగురంగుల దట్టీలు కట్టి, పూలు చుట్టి చావిడిలో నిలబెట్టేవాళ్లు. ఏ పీరును ఎవరింటివాళ్లు ఎత్తుకోవాలో, దట్టీ ఎవరు తేవాలో, గుండానికి కట్టెలు ఎవరు తోలాలో పెద్దల నాటి నుంచి ఖాయం. కట్టెలు మా ఇంటి వంతు. మా తాత నాలుగు రోజుల ముందే బండి కట్టి తుమ్మ మొద్దులు తోలిపెట్టేవాడు. ఆ మొద్దులు తెల్లవార్లూ కాలి, తెల్లవారుజామున నిప్పులు ఎర్రగా పరుచుకునేవి. ఆ సెగకు పది అడుగుల దూరంలో నిలబడినా ముఖం చుర్రుమనేది.

అవ్వ ఇత్తడి పళ్లెంలో చక్కెర, కొబ్బరి చిప్పలు, ఊదుకడ్డీలు పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని చదివింపులకు పోయేది. చావిడి నిండా ఊదు పొగ, మల్లెపూల వాసన. పీర్లను చూసుకునే ముజావరు తాత ఆ చక్కెర ముందు చేతులు పట్టి, పెదాలు కదుపుతూ ఫాతెహా చదివేవాడు. ఒక్క ముక్క మాకు అర్థమయ్యేది కాదు. చదివింపు అయ్యాక గుప్పెడు చక్కెర తీసి పక్కన పోసి, మిగతాది పళ్లెంలోనే ఉంచి తిరిగిచ్చేవాడు. నెమలి ఈకల కట్టతో నా నెత్తి మీద తట్టి, ఊదు బూడిద నొసట పెట్టేవాడు. ‘ఏం మొక్కినావు అవ్వా’ అని దోవలో అడిగితే, ‘నీకు చలిజొరం తగ్గితే ఐదేండ్లు చక్కెర చదివిస్తానంటి. తగ్గిపాయ కదా’ అనేది. ఆ దేవుడు ఏ మతం దేవుడని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మా ఊరొక్కటే కాదు. నార్పల మండలంలోని గూగూడులో కుళ్లాయిస్వామి పీరును చూడటానికి మొహర్రానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అక్కడ ఆంజనేయస్వామి గుడి, పీర్ల చావిడి రెండూ ఒకే యాత్ర. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని పల్లెల్లో కూడా పీర్లను హిందువులే కాపాడుకుని, ఏటా నిలబెడతారు. రాయలసీమలో హుసేనప్ప, ఫక్కీరప్ప, దస్తగిరి, మౌలాలి లేని హిందువుల ఊరు దొరకడం కష్టం. మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు పీరు పేరు పెట్టుకున్నారంతే. కడపలో ఉగాది పొద్దున ముస్లింలు దేవుని కడప గుడికి వచ్చి వెంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ కొడతారు. స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారి తమ ఆడబిడ్డ, కాబట్టి స్వామి తమకు అల్లుడు అవుతాడని చెబుతారు.

నెల్లూరు రొట్టెల పండగ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే అది నాకు ఎంతో ఇష్టమైన పండగ. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు. జనం మోకాలి లోతు నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. కిందటేడు ఉద్యోగం కోసం మొక్కుకుని రొట్టె తీసుకున్నవాళ్లు, ఉద్యోగం వచ్చాక రొట్టె చేసి తెచ్చి, ‘ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె’ అని పిలుస్తుంటారు. కావలసినవాళ్లు వచ్చి తీసుకుంటారు. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, సొంతిల్లు రొట్టె అన్నీ ఉంటాయి. ఇచ్చేవాళ్ల కులం, మతం, ఊరు ఎవరూ అడగరు. నీళ్లలో నిలబడి తెలియని మనిషి చేతి రొట్టె తిని, వచ్చే ఏడాది ఇంకో తెలియని మనిషికి రొట్టె బాకీ పడతాం.

ఇక్కడి దాకా చెప్పుకుంటే మనసు నిండిపోతుంది. నాకూ నిండేది. పండగల మీద మనం రాసే వ్యాసాలు, చేసే ప్రసంగాలు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి. ‘చూశారా, మనమెంత కలిసిమెలిసి ఉన్నామో’ అని.

ఆ వాట్సాప్ సంగతి జరిగిన కొన్ని నెలలకు, ఆ అమ్మాయి ఆఫీసుకు దగ్గర్లో ఇల్లు వెతుక్కుంటోంది. పాతబస్తీ నుంచి రావడానికి గంటన్నర, పోవడానికి గంటన్నర. ఒక ఆదివారం తోడు రమ్మంటే వెళ్లాను. రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూం. ఓనరమ్మ పెద్దావిడ, మంచి మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఏ ఊరు, ఏం ఉద్యోగం, ఎంతమంది ఉంటారు అని అడిగింది. తర్వాత పేరు అడిగింది. ఆ అమ్మాయి చెప్పింది. ఓనరమ్మ గ్లాసు కింద పెట్టి, ‘ఏమీ అనుకోకమ్మా, మా వారు వెజిటేరియన్స్‌కే ఇద్దామంటున్నారు’ అంది. ‘నేను బయటే తింటానాంటీ, ఇంట్లో వండను’ అంది ఈ అమ్మాయి. ‘అది కాదమ్మా… మీవాళ్లంటే మాకేం లేదు. మా వారికి ఆపరేషన్ అయినప్పుడు దర్గాకు మొక్కుకుని చాదర్ కూడా వేసొచ్చాం. కింద పోర్షన్ వాళ్లు ఏమంటారోనని’ అంది ఆవిడ.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. నిజంగానే దర్గాకు మొక్కుకుని ఉంటుంది. మా అవ్వలాగే భక్తిగా చక్కెర చదివించి ఉంటుంది. అయినా ఆ ఇంటి తాళం ఈ అమ్మాయి చేతికి ఇవ్వడానికి ఆమె చెయ్యి రాలేదు. నేనేమో కాఫీ తాగుతూ కూర్చున్నాను. ఒక్క మాట అనలేదు. మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయే నన్ను ఓదార్చింది. ‘పర్లేదక్కా, ఇది నాలుగోది.’

నాలుగోది అంటుంటే ఆమె గొంతులో కోపం కూడా లేదు. అది వింటే నాకు కడుపులో దేవినట్టయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. మా అవ్వ ఏం చేసేది? ముజావరు తాత కూతురికి అర్ధరాత్రి వానలో నొప్పులొస్తే మా తాత బండి కట్టుకుని పోయాడు. అవ్వ వెంట వెళ్లి ఆసుపత్రిలో రెండు రోజులు ఉండొచ్చింది. కరవు ఏడాది మా ఇంట్లో జొన్నలు అయిపోతే ముజావరు తాత ఇంటి నుంచి మూట వచ్చింది. వాళ్లకు పీర్ల పండగ పది రోజులదైనా, ఇచ్చిపుచ్చుకోవడం ఏడాది పొడుగునా ఉండేది. చక్కెర చదివింపు ఆ రాకపోకల్లో ఒక భాగం. మనం పట్నం వచ్చేటప్పుడు చక్కెర పళ్లెం మాత్రం తెచ్చుకుని బండి అక్కడే వదిలేశాం.

మర్నాడు మా ఇంటి ఓనరును కలిశాను. మా పై పోర్షన్ ఖాళీగా ఉంది. ఆయన కూడా నసిగాడు. రెండు సాయంత్రాలు కూర్చుని మాట్లాడాను. ‘ఆ అమ్మాయి అద్దె ఏ నెలైనా ఇవ్వకపోతే నేనిస్తాను, కాగితం రాసుకోండి’ అన్నాను. మూడో రోజు సరేనన్నాడు. ఇదేదో ఘనకార్యమని చెప్పడం లేదు. కానీ ఒక సంగతి మాత్రం అప్పుడు నాకు అనుభవంలోకి వచ్చింది. శుభాకాంక్షలు చెప్పడానికి నాకు ఖర్చేమీ కాలేదు. ఈ పనికి మాత్రం నా ఓనరు దగ్గర నాకున్న పరపతిని ఖర్చు పెట్టాల్సి వచ్చింది, రేపు నన్నే ఖాళీ చేయమంటాడేమోనన్న టెన్షన్ పడాల్సి వచ్చింది. ఎదుటివాళ్ల కోసం మన దగ్గరున్నది ఎంతో కొంత పోగొట్టుకోవడానికి సిద్ధపడినప్పుడే దాన్ని తోడు అంటారని నా నమ్మకం.

మా ఊరి గురించి ఇంకో మాట దాచిపెట్టాను. అది చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు.

పీర్ల పండగకు పలకలు కావాలి. తెలంగాణలో డప్పులంటారు, మా వైపు పలకలంటాం. మాదిగ వీధి నుంచి పదిమంది వచ్చి, గుండం నిప్పుల దగ్గర పలకలు కాచుకునేవాళ్లు. తోలు వేడెక్కి బిగిసేదాకా కాచి, వేలితో కొట్టి చూసుకుని, మళ్లీ కాచేవాళ్లు. ఆ దెబ్బ మొదలైతే గుండె లయ మారిపోయేది. పలక లేనిది పీరు కదలదు. అందరూ ఆ మాట అనేవాళ్లు, గర్వంగా. కానీ మలీదా ప్రసాదం పంచేటప్పుడు వాళ్లు చావిడి మెట్టు ఎక్కేవాళ్లు కాదు. దూరంగా నిలబడితే ఆకుల్లో వేసి ఇచ్చేవాళ్లు. కూలి అనేది లేదు, ‘ఇది మీ వంతు’ అంతే. కట్టెలు తోలడం మా వంతు అయినట్టే పలక కొట్టడం వాళ్ల వంతు అని మా తాత అనేవాడు. రెండూ ఒకటి కావు. కట్టెలు తోలినందుకు మా తాతకు చావిడిలో ముందు వరసలో చోటు దొరికేది.

నేను కాలేజీలో ఉండగా ఆ వీధి కుర్రాళ్లు పలకలు కొట్టేది లేదన్నారు. కూలి ఇవ్వాలి, చావిడిలో మాతో సమానంగా కూర్చోనివ్వాలి, అప్పుడే వస్తామన్నారు. ఊరు ఊగిపోయింది. మా తాత కూడా కోప్పడ్డాడు. ‘దేవుడి పనికి బేరమేంది’ అన్నాడు. ఆ కుర్రాళ్లదే న్యాయమని నేను అప్పుడు అనలేదు, ఇప్పుడు అంటున్నాను. ఆ ఏడాది పీర్లు పలకలు లేకుండానే నడిచాయి. మరుసటి ఏడాది ఊరు దిగొచ్చింది. మన సంస్కృతిలో అందరికీ చోటుంది అని మురిసిపోయే ముందు, ఆ చోటు ఎక్కడుంది, మెట్టు మీదా మెట్టు కిందా, ఎవరు నిర్ణయించారు అని అడగాలి. అడిగితే పండగ చెడిపోతుందని భయపెడతారు. మా ఊళ్లో చెడిపోలేదు.

మేడారం వెళ్లినప్పుడూ ఇదే ఆలోచన వచ్చింది. మా అత్తగారిది హన్మకొండ. 2024 ఫిబ్రవరిలో జాతరకు వెళ్లాం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ ములుగు జిల్లా అడవిలో జరిగే ఆ జాతర గురించి తెలుగువాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను తెస్తుంటే, పక్కన ఉన్నవాళ్లెవరో తెలియకుండా అందరం ఒకే గొంతుతో ఏడ్చాం. మా అత్తగారు నిలువెత్తు బంగారం, అంటే తూకం వేసిన బెల్లం, గద్దెకు సమర్పించారు. కరవుతో కప్పం కట్టలేమన్న ఆదివాసులు కాకతీయుల సైన్యానికి ఎదురు నిలిచిన కథ అది. రాజు మీద తిరగబడిన అడవి బిడ్డలను లక్షల మంది దేవతలుగా కొలుస్తున్నారు.

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో ఒకాయన, బెల్లం ప్రసాదం చేతిలో ఉండగానే, ‘వీళ్లకు పోడు పట్టాలిచ్చి అడవినంతా నాశనం చేస్తున్నారు’ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. 2006 అటవీ హక్కుల చట్టం ఎందుకు వచ్చిందో, తరాలుగా దున్నుకున్న చెలక మీద హక్కు కాగితం కోసం వాళ్లు ఎన్నేళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతారో ఆయనకు పట్టలేదు. కప్పం కట్టనన్న సమ్మక్క మనకు తల్లి. ఆమె మనవరాలు పట్టా అడిగితే ఆక్రమణదారు.

ఆదిలాబాద్ వైపు ఇది ఇంకా బాధగా ఉంటుంది. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశం వాళ్లు గోదావరి దాకా కాలినడకన పోయి నీళ్లు తెచ్చి ఆ జాతర చేస్తారు. దాన్ని చూడటానికి అధికారులు, కెమెరాలు, యాత్రికులు బాగానే వెళ్తారు. అక్కడికి కొద్ది దూరంలోనే ఇంద్రవెల్లి ఉంది. 1981 ఏప్రిల్ 20న భూమి హక్కుల కోసం గుమిగూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు. ప్రభుత్వం లెక్కలోనే 13 మంది చనిపోయారు. అక్కడి స్తూపం దగ్గర దండం పెట్టుకోవడానికి కూడా వాళ్ల బంధువులకు చాలా ఏళ్లు ఆంక్షలు ఉండేవి. నాగోబా ఫొటోలు పెట్టే మనలో ఏప్రిల్ 20 గుర్తున్నవాళ్లు ఎందరు? గోండుల గుస్సాడీ నాట్యం కూడా అంతే. దీపావళి రోజుల్లో దండారీ పండగ వేళ దీక్ష పూని, స్నానం కూడా మాని, నెమలి ఈకల టోపీ పెట్టుకుని ఊరూరా ఆడే ఆట అది. ఆ ఆటకు మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, గర్వించాల్సిన సంగతే. అదే వేషాన్ని హోటల్ గుమ్మం దగ్గర అతిథులకు స్వాగతం చెప్పడానికి నిలబెట్టడం చూసినప్పుడు మాత్రం నా మనసు చివుక్కుమంటుంది. దీక్షలో ఉన్న మాలధారినో, అయ్యవారినో అలా గుమ్మంలో నిలబెడతామా?

శుభాకాంక్షలు చెప్పకపోవడమే సాయమయ్యే సందర్భాలు కూడా ఉంటాయి. మెదక్ చర్చి అందరికీ తెలుసు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే పాస్టర్ కరవు రోజుల్లో జనానికి పని చూపించి, తిండి పెట్టి కట్టించిన చర్చి. 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. క్రిస్మస్‌కు అక్కడికి అన్ని మతాల వాళ్లూ వెళ్తారు. ఫిబ్రవరిలో బెజవాడ గుణదల మేరీమాత ఉత్సవాల్లోనూ అంతే, కొండెక్కి తలనీలాలిచ్చి కొబ్బరికాయలు కొట్టే హిందువులు ఎందరో. ఇదంతా చూసి మనకు క్రిస్మస్ అంటే కేకు, స్టారు, ఫొటో. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్న దళితులకే ఎస్సీ గుర్తింపు. క్రైస్తవంలోకి వెళ్లిన దళితులను మన దగ్గర బీసీ–సీ కింద లెక్కిస్తారు. ఎస్సీ గుర్తింపు పోతుందన్న భయంతో, ఆదివారం ఎక్కడికి వెళ్తున్నారో, ఇంట్లో గోడకు ఏం వేలాడదీశారో పదిమందిలో చెప్పుకోలేని కుటుంబాలు ఉన్నాయి. అలాంటి మనిషిని ఆఫీసు మధ్యలో నిలబెట్టి, ‘నువ్వు క్రిస్టియన్ కదా, హ్యాపీ క్రిస్మస్, చెప్పనే లేదే!’ అని అరిస్తే అది ప్రేమ కాదు. ఆ గొంతు ఎవరి చెవిన పడుతుందో, దానివల్ల వాళ్ల ఉద్యోగం మీదికి ఏం వస్తుందో మనకు తెలియదు. వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఊరుకోవాలి. చెబితే విని, మన దగ్గరే ఉంచుకోవాలి. గుడ్ ఫ్రైడేకు ‘హ్యాపీ’ తగిలించకూడదని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాను, కానీ ఏటా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

పీర్ల గురించి కూడా ఒక జాగ్రత్త చెప్పాలి. మా ఊళ్లో ఇప్పటి ముస్లిం కుర్రాళ్లలో కొందరు పీర్లను ఎత్తడం ఇస్లాం కాదంటున్నారు. సున్నీలు చాలామంది ఆషూరా రోజు, అంటే మొహర్రం పదో రోజు, ఉపవాసం ఉంటారు, మాతం చేయరు. దీని మీద వాళ్ల ఇళ్లల్లోనే తాతకూ మనవడికీ వాదన నడుస్తోంది. దాన్ని చూసి మావాళ్లు కొందరు ‘వెనకటి సాయిబులు బంగారం, ఇప్పటివాళ్లు మారిపోయారు’ అంటున్నారు. ఇది తప్పు మాట. పీరును మొక్కే ముస్లిం, గుడికొచ్చి కొబ్బరికాయ కొట్టే ముస్లిం అయితేనే మనవాడు అనడానికి మనకేం అధికారం ఉంది? పీర్ల పండగ ఆగిపోతే నాకు ఏడుపొస్తుంది, నిజమే. అది నా దుఃఖం. ఆ కుర్రాడికి ఇల్లు అద్దెకివ్వడానికీ, ఉద్యోగం ఇవ్వడానికీ, పక్కన కూర్చుని అన్నం తినడానికీ దాన్ని షరతుగా పెట్టకూడదు.

హిజ్రీ సంవత్సరం చంద్రుడిని బట్టి నడుస్తుంది. దాదాపు 354 రోజులు. మన పంచాంగంలో ఉన్నట్టు అధికమాసం ఉండదు కాబట్టి ప్రతి పండగా ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. చిన్నప్పుడు ఈ సంగతి నాకు చాలా అందంగా తోచేది, పీర్లు ఒకసారి వానలో, ఒకసారి చలిలో, ఒకసారి ఎండలో ఊరు చూసి పోతాయని. ఇప్పుడు దీన్నే ఇంకోలా చూస్తున్నాను. దసరా, సంక్రాంతికి బడి సెలవులు మనతోపాటే నడుస్తాయి. వాళ్ల పండగ ఏ ఏడాది ఏ పరీక్ష మీద పడుతుందో వాళ్లు ఏటా లెక్క చూసుకోవాలి. 2025లో రంజాన్ నెల మార్చి మొదట్లో వచ్చింది, ఇంటర్ పరీక్షలూ ఆ రోజుల్లోనే. మా ఎదురింటి కుర్రాడు తెల్లవారకముందు తినే సహరీ ఐదు గంటల లోపే ముగించి, నీళ్లు కూడా తాగకుండా వెళ్లి పరీక్ష రాసొచ్చేవాడు. మధ్యాహ్నం కళ్లు మూతలు పడుతుంటే, సాయంత్రం ఆరింటికి ట్యూషన్. ఇఫ్తార్ ఆరున్నరకు. రోజూ సగంలో లేచి పోవాలి, లేదా ఖర్జూరం జేబులో పెట్టుకుని క్లాసు వెనక బెంచీలో తినాలి.

వాళ్లమ్మ ఈ మాట ఒకరోజు మెట్ల దగ్గర యథాలాపంగా చెప్పింది. అదే ట్యూషన్‌కు మా అక్క కొడుకు కూడా వెళ్తాడు. పిల్లల తరఫున మేం ముగ్గురం వెళ్లి మాస్టారిని అడిగితే, ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ‘అయ్యో, నాకు తట్టలేదమ్మా’ అని ఏడున్నరకు మార్చేశాడు. ఇంత తేలిక. ఆ కుర్రాడి తల్లి ఎందుకు అడగలేదు మరి? అడిగితే ‘మీకోసం అందరూ మారాలా’ అంటారని. మేం అడిగితే ఆ మాట రాలేదు. అందుకే ఇలాంటివి పక్కవాళ్లు అడగాలి.

న్యూయార్క్ నగరంలో దీపావళికి బడులకు సెలవిస్తూ 2023లో చట్టం వచ్చినప్పుడు మా బంధువుల గ్రూపుల్లో ఎంత సంబరమో. 2024 నవంబర్ 1న పిల్లలకు నిజంగానే సెలవు దొరికింది. ఆ ముందు దాకా అక్కడుండే మా చెల్లెలి బిడ్డ పండగ రోజు పరీక్ష రాసొచ్చి, రాత్రి తొమ్మిదింటికి చలిలో రెండు కాకరపువ్వొత్తులు కాల్చి పడుకునేది. మా చెల్లెలికి ఆ దేశంలో కావలసింది ఏమిటో నాకు బాగా అర్థమవుతుంది. ఎవరో దీపం బొమ్మ పంపితే ఆమెకు సరిపోదు, ఆ రోజు పరీక్ష పెట్టకుండా ఉంటే చాలు. సరిగ్గా అదే కోరిక ఇక్కడ మా ఎదురింట్లో ఉంది.

కిందటేడు మా ఆఫీసులో పండగల క్యాలెండర్ తయారు చేసే పని నేనే అడిగి తీసుకున్నాను. అంతకుముందు అందులో తేదీ, పండగ పేరు, పెట్టాల్సిన బొమ్మ ఉండేవి. బొమ్మ గడి తీసేసి, ‘ఆ రోజు ఏం పెట్టుకోకూడదు’ అని ఒక గడి, ‘ఎవరిని అడిగాం’ అని ఇంకో గడి చేర్చాను. రంజాన్ నెలలో సాయంత్రం ఆరు తర్వాత మీటింగులు వద్దు. మేడారం రోజుల్లో ములుగు, ఏటూరునాగారం వైపు వాళ్లకు సెలవు కాదనొద్దు. ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి దండ వేసి ఫొటో దిగి సరిపెట్టకుండా, ఆ నెలలో మన టీముల్లోకి ఎవరిని తీసుకున్నామో, ఎవరిని కాదన్నామో కూర్చుని చూసుకోవాలి. ఈ చివరిది రాసినప్పుడు మాత్రం పైనుంచి ‘ఇది పండగల క్యాలెండర్ కదండీ’ అని మెయిలొచ్చింది. తీసేయలేదు. ఇంకా వాదిస్తూనే ఉన్నాను.

మొహర్రం గడి నింపడానికి పై పోర్షన్‌కు వెళ్లి ఆ అమ్మాయినే అడిగాను. ఆ వాట్సాప్ బొమ్మ కింద నేను గుండె గుర్తు పెట్టిన సంగతి కూడా అప్పుడే చెప్పాను. ‘చూశానక్కా’ అంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత తనే, దబీర్‌పురా నుంచి ఏనుగు మీద బీబీ కా అలం అనే పవిత్ర ధ్వజం బయల్దేరుతుందనీ, దారి పొడుగునా జనానికి నీళ్లూ షర్బతూ పోసే సబీల్‌లు పెడతారనీ, కర్బలాలో దాహంతో చనిపోయినవాళ్ల పేరు మీద ఆ నీళ్లు పోస్తారనీ చెప్పింది. వాళ్ల నాన్నకు వయసైపోయి ఈమధ్య బిందెలు మోయలేకపోతున్నారట. ‘నేను రావచ్చా’ అని అడిగాను. ‘పొద్దున్నే ఆరింటికి రావాలి, చెప్పులు విప్పేయాలి’ అంది.

2026లో ఆషూరా జూన్ నెలాఖరున పడేలా ఉంది. వంటింటి క్యాలెండర్‌లో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. నెలవంక కనబడ్డాక ఆమెను అడిగి పెన్నుతో దిద్దుతాను.